మీదే ఊరండీ?

బాబాయి: గది దొరికిందమ్మా. ఆదివారం సాయంత్రం ఐదింటి నుంచి ఆరున్నర దాకా మనకిస్తామన్నారు. పాతిక కుర్చీలు, ఒక ఫ్యాను, టీ కాచుకోడానికి మూలన కరెంటు పొయ్యి. పద్నాలుగేళ్లుగా ఈ ఢిల్లీలో నేను తిరిగిన ఆల్కహాలిక్స్ అనానిమస్, అదే ఏఏ, మీటింగులన్నీ హిందీవో ఇంగ్లీషువో. తెలుగులో ఒక్కటైనా ఉండాలి. మొదటివారం నువ్వొచ్చి కూర్చుంటే చాలు, మాట్లాడకపోయినా ఫర్వాలేదు.

అమ్మాయి: నేను రాను బాబాయిగారూ. నా రాకపోకల మాట అలా ఉంచండి, అసలు పెట్టొద్దనే నేను చెప్పేది.

బాబాయి: ఎందుకని?

అమ్మాయి: ముందు మీరు చెప్పండి, ఎందుకు కావాలో. హిందీ మీటింగులోనే కదా మీరు బాగుపడింది.

బాబాయి: అక్కడే తాగుడు ఆగింది, కాదనను. ఆ మెట్లకి ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను. కానీ ఒక సంగతి విను. మొదటిరోజు లేచి నిలబడి ‘మైఁ షరాబీ హూఁ’ అన్నాను. ఎంత సులువుగా వచ్చేసిందో! అమితాబ్ సినిమా పేరు చెప్పినట్టు వచ్చింది. ఆ మాటకి నాకు వాసన లేదు. ‘తాగుబోతు’ అన్న మాటకి ఉంది. మా అమ్మ వంటింట్లోంచి మా నాన్నని అంటుంటే వీధరుగు మీద కూర్చుని నేను విన్న మాట అది. ‘నేను తాగుబోతుని’ అని తెలుగులో నా నోటితో నేను అనడానికి ఏడేళ్లు పట్టింది. అదీ మీటింగులో కాదు, మా వదిన పోయినప్పుడు ఊరెళ్లి, మా అన్నయ్య ముందు. ఆ ఏడేళ్లూ చుక్క ముట్టలేదు, నిజమే. కానీ హిందీలో నేను చెప్పిన కథంతా పక్కింటాయన కథలాగే ఉండేది. ఆడ మగ లింగాలు తప్పుతూ చెప్పేవాణ్ణి. అందరూ ముద్దుగా నవ్వేవాళ్లు, నేనూ నవ్వేవాణ్ణి. ఏడవాల్సిన చోట నవ్వించి తప్పించుకునేవాణ్ణి.

అమ్మాయి: మీకు అడ్డొచ్చిందంటున్న ఆ దూరమే నన్ను బతికించింది. ‘ఐ యామ్ ఎన్ ఆల్కహాలిక్’ అన్నప్పుడు అది నాకు జబ్బు పేరు. థైరాయిడ్ ఉంది, బీపీ ఉంది అన్నట్టు. ఆ మాట పట్టుకుని గుమ్మం దాటగలిగాను. అదే తెలుగులో అనాల్సి వస్తే గుమ్మం దగ్గరే ఆగిపోయేదాన్ని. మగవాణ్ణి తాగుబోతంటే అక్కడితో సరి. ఆడదాన్ని అంటే ఆ మాట వెనకే ఇంకో నాలుగు మాటలు వరసకట్టి వస్తాయి. అవేంటో మీకు తెలుసు, నాచేత అనిపించకండి.

బాబాయి: తెలుసు.

అమ్మాయి: ఏడేళ్లు పట్టిందన్నారు. పట్టనివ్వండి. తాగకుండా ఏడేళ్లు బతికి బట్టకడితే కదా, ఎనిమిదో ఏట ఏ భాషలోనైనా ఏడ్చేది.

బాబాయి: మూడు భాషలు వచ్చిన నీకూ నాకూ ఆ లెక్క సరిపోతుంది. వంటాయన సంగతి చెబుతా విను. శ్రీకాకుళం వైపు మనిషి. కరోల్‌బాగ్‌లో సివిల్స్ పిల్లలు తినే ఓ మెస్‌లో చేసేవాడు. ఎవరో హిందీ మీటింగుకి తీసుకొచ్చారు. రెండు ఆదివారాలు చివరి కుర్చీలో కూర్చున్నాడట. ఎవరేమన్నా ‘జీ’ అనడం, తన వంతు వస్తే లేచి అందరికీ నమస్కారం పెట్టి కూర్చోవడం. చప్పట్లు కొట్టేవాళ్లు. ఎంత వినయమో అనుకున్నారు. నేను ఆ మీటింగుకి నెలకోసారే పోతాను. మూడో ఆదివారం పోయాను. టీ ఇస్తే గ్లాసు రెండు చేతులా పట్టుకున్నాడు, ఐనా సగం ప్యాంటు మీద ఒలికింది. కాలేసరికి ‘ఓలమ్మో’ అన్నాడు. అప్పుడు తెలిసింది నాకు మనవాడని.

పక్కకి తీసుకెళ్లి అడిగాను. ‘మానీసి రెండ్రోజులైంది బావూ, రాత్రేళ గోడ మీద చీమలు బారులు కడతన్నాయి, లైటేస్తే ఉండవు’ అన్నాడు. రోజుకెంత తాగేవాడివంటే, పళ్లు తోముకోకముందే ఒక క్వార్టర్ అన్నాడు. ఆటో ఎక్కించి ఆస్పత్రికి పట్టుకుపోయాను. ఇంకో రాత్రి ఇంట్లో పడుకుని ఉంటే ఏమయ్యేదో చెప్పలేమన్నాడు డాక్టరు. ఏళ్ల తరబడి పొద్దున్న లేస్తూనే తాగేవాడు ఉన్నట్టుండి ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మూడోరోజుకి మతి చెదరవచ్చు, ప్రాణమే పోవచ్చు. మనందరికీ తెలిసిందే. ఆయనకి ఎవరూ చెప్పలేదా అంటే, చెప్పారు. డాక్టరుని అడక్కుండా ఆపకు అని హిందీలో చెప్పారు. ఆయన ‘జీ’ అన్నాడు.

అమ్మాయి: ఆయనకి ఆ రోజు కావలసింది తెలుగు మీటింగు కాదు బాబాయిగారూ. మంచం, లోరాజెపామ్, బి-వన్ ఇంజెక్షను. ఘాజియాబాద్‌లో ఎయిమ్స్ వాళ్ల డీ-అడిక్షన్ కేంద్రం ఉంది. దిల్షాద్ గార్డెన్‌లో ఇహ్‌బాస్ ఉంది. 14416కి కొడితే టెలీమానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు. ప్రాణం మీదికొచ్చిన చోట భాష ఉంటే చాలు. ఆ రోజు కూడా చూడండి, హిందీ మీటింగులో టీ దగ్గర ఒక తెలుగువాడు నిలబడి ఉన్నాడు, సరిపోయింది. అందుకోసం పాతికమందిని పోగెయ్యాలా?

బాబాయి: నిలబడ్డాను, మూడో ఆదివారం. మొదటి ఆదివారమే ఉండాల్సింది. సరే, వార్డు పదిరోజులు. తర్వాతో? వార్డు పని వణుకు తగ్గించడం. ఆ తర్వాతి రోజులు, సాయంత్రం ఆరున్నర అయ్యేసరికి చెయ్యి దానంతటది జేబులోకి పోయే రోజులు, అవి ఎక్కడ గడపాలి? మళ్లీ ఆ చివరి కుర్చీలో కూర్చుని ‘జీ’ అనాలా? రెండుసార్లు వచ్చాడు. తర్వాత మెస్‌లో అడిగితే మానేశాడన్నారు. మానేసింది పనో తాగుడో నేను అడగలేదు. మొన్నటి దేశవ్యాప్త సర్వే, అదే, 2019లో బయటపెట్టింది, అందులో మందుకి బానిసైనవాళ్లలో 38 మందికి ఒకరికే ఏదో ఒక చికిత్స అందుతోందని తేలింది. మిగతా ముప్పైఏడుగురిలో మన వంటాయనలు ఎంతమందో.

అమ్మాయి: అదే సర్వేలో ఇంకో అంకె ఉంది. తాగేవాళ్లు మగవాళ్లలో 27.3 శాతం, ఆడవాళ్లలో 1.6. మీ పాతిక కుర్చీలూ నిండినా అందులో ఆడది ఒకరు, మహా అయితే ఇద్దరు. ఆ ఒక్కరి గురించి మాట్లాడుతున్నాను నేను. నా కథ మీకు సగమే తెలుసు. మిగతా సగం కూడా వినండి.

నేను తాగడం ఆపి అప్పటికి ఏడో నెల. గుర్గావ్‌లో శనివారం పొద్దున్న జరిగే ఇంగ్లీషు మీటింగు. ఒకాయన కొత్తగా వచ్చాడు. మీటింగయ్యాక కప్పులు కడుగుతుంటే దగ్గరకొచ్చి ‘తెలుగువారా? మీదే ఊరండీ?’ అన్నాడు. ఆ ప్రశ్నకి మనం అబద్ధం చెప్పలేం, గమనించారా? బుర్ర ఇంకా ఆలోచిస్తూనే ఉంటుంది, నోరు జవాబు చెప్పేస్తుంది. రాజమండ్రి అన్నాను. రాజమండ్రిలో ఎక్కడన్నాడు. దానవాయిపేట అన్నాను. నాలుగోరోజున మా అత్తగారు ఫోన్ చేసింది.

అతను చెడ్డవాడు కాదు. వాళ్లావిడతో అన్నాడు. ఆవిడ వాళ్లక్కతో అంది. ప్రతి ఇంట్లోనూ ఆ కబురు ‘పాపం’తోనే మొదలైంది. పాపం ఆ పిల్ల, పాపం ఇద్దరు పిల్లలు. మన దగ్గర చాడీ చాడీలా రాదు, జాలి చీర కట్టుకుని వస్తుంది. అత్తగారు కూడా ఒక్కమాట తిట్టలేదు. ‘పిల్లల్ని నా దగ్గరుంచుతాలే అమ్మా, నువ్వు కోలుకో’ అంది. ఆ రాత్రి తాగాను. ఏడు నెలల తర్వాత.

బాబాయి: ఇది నువ్వెప్పుడూ చెప్పలేదు.

అమ్మాయి: ఇంగ్లీషులో చెప్పాను. మీరు లేని మీటింగులో.

బాబాయి: నేనొకటి ఒప్పుకోవాలి. నేనూ ఆ పని చేశాను. నాలుగో ఏడో ఐదో ఏడో. మీటింగులో చూసిన ఒక పెద్ద ఆఫీసరు గురించి మా ఆవిడతో అన్నాను. పేరు చెప్పలేదు, హోదా మాత్రం చెప్పాను. పేరు చెప్పలేదని నాకు నేను సర్టిఫికెట్ ఇచ్చుకున్నాను కూడా. ఓ పెళ్లిలో ఆయన ఎదురుపడ్డాడు. మా ఆవిడ ఆయన్ని చూసి చిన్నగా, ఎంతో మర్యాదగా నవ్వింది. ఆయన ఆ నవ్వు చూశాడు, తర్వాత నన్ను చూశాడు. మళ్లీ మీటింగులో కనిపించలేదు.

అమ్మాయి: మరి?

బాబాయి: తప్పు నాది. తెలుగుది కాదు. పేర్లు బయటపెట్టొద్దనే సంప్రదాయం ఉండనే ఉంది. 1950లో క్లీవ్‌లాండ్‌లో పన్నెండు సంప్రదాయాలూ ఒప్పుకున్నప్పటి నుంచీ ఉంది. పత్రికల్లో, రేడియోలో, సినిమాల్లో పేరు రాకూడదని పదకొండోది స్పష్టంగా చెబుతుంది.

అమ్మాయి: మన రేడియో అత్తగారు బాబాయిగారూ. క్లీవ్‌లాండ్ వాళ్లకి ఆవిడ తెలీదు. ఇంకోటి, వాళ్లు పేరు చెప్పి వెనక ఒక అక్షరం తగిలిస్తారు, బిల్ డబ్ల్యూ అన్నట్టు. మనకి ఆ అక్షరం ముందొస్తుంది, ఇంటిపేరై. ఇంటిపేరు చెబితే కులం చెప్పినట్టే. చెప్పకపోయినా యాస జిల్లా చెబుతుంది, మాట తీరు మిగతాది చెబుతుంది. మూడోవారానికి మీ గదిలో ఎవరు ఎవరో అందరికీ తెలుస్తుంది. నాలుగోవారానికి వరసలు ఏర్పడతాయి. ఐదోవారానికి రెండు మీటింగులు.

బాబాయి: ఆంధ్రా భవన్ పంచుకున్నట్టు.

అమ్మాయి: నవ్వకండి. జరిగేది చెబుతున్నాను.

బాబాయి: నవ్వు రాక కాదు గానీ, నువ్వన్నదాంట్లో నిజముంది. పద్నాలుగేళ్లలో హిందీ మీటింగులో ఒక్కడూ నా కులం అడగలేదు. వాళ్లకి కులం పట్టదని కాదు. నా ఇంటిపేరు చూసి పోల్చుకోవడం వాళ్లకి రాదు, అంతే. వాళ్లలో వాళ్లు ఎలా పోల్చుకుంటారో నేనూ కనిపెట్టలేను. ఆ తెలియకపోవడంలో ఎంత హాయి ఉందో నేనూ అనుభవించాను. ముప్పైఏళ్ల సర్వీసులో ఆఫీసులో దొరకని హాయి అది.

అమ్మాయి: అసలు ఏఏ పుట్టుకే అలాంటిది కదా. 1935లో బిల్ విల్సన్ పనిమీద ఏక్రన్ వెళ్లాడు. పని చెడింది. హోటల్ వరండాలో ఒక పక్క బారు, ఇంకో పక్క టెలిఫోను, గోడకి చర్చిల జాబితా. తాగకుండా నిలబడాలంటే ఇంకో తాగుబోతుతో మాట్లాడాలనిపించి, ఒక్కో నెంబరుకీ ఫోన్లు చేశాడు. అలా దొరికాడు డాక్టర్ బాబ్. ముక్కూ మొహం తెలియని మనిషి. పదిహేను నిమిషాలే కూర్చుంటానని వచ్చినవాడు రాత్రి పదకొండు దాకా లేవలేదు. అతను న్యూయార్క్ షేర్ల మనిషి, ఈయన ఏక్రన్ సర్జను. ఎవరి ఊరు ఎవరికీ పట్టలేదు. మన దేశానికి తెచ్చినవాళ్ల సంగతీ అంతేగా. 1957లో ఇదే ఢిల్లీలో, కెనడా హైకమిషన్‌లో పనిచేసే ఒకాయన. ఆయనకి ఇక్కడ ఎవరి అత్తగారూ తెలీదు.

బాబాయి: బిల్ పుట్టిందెక్కడో తెలుసా?

అమ్మాయి: న్యూయార్క్ కాదా?

బాబాయి: వెర్మాంట్. ఈస్ట్ డార్సెట్ అని చిన్న ఊరు. బాబ్ పుట్టింది సెయింట్ జాన్స్‌బరీ. అదీ వెర్మాంటే. ఇద్దరూ ఒకే రాష్ట్రం వాళ్లు, ఒకే రకం చలికాలాల్లో పెరిగినవాళ్లు, యాసా ఒకటే అయ్యుంటుంది. పదిహేను నిమిషాలనుకున్నది పదకొండు దాకా సాగిందంటే అందులో మందు ఎంత, మన ఊరివాడన్నది ఎంత? నాకెప్పుడూ అనుమానమే. ‘మీదే ఊరండీ’ అన్న ప్రశ్న ఆ గదిలో కూడా వచ్చే ఉంటుందమ్మా.

అమ్మాయి: అది మీ ఊహ.

బాబాయి: ఊహే. వెర్మాంట్ మాత్రం నిజం.

అమ్మాయి: ఒప్పుకుంటాను, బాగా పట్టారు. కానీ ఇద్దరూ మగవాళ్లు.

బాబాయి: అదీ నిజమే. సరే, నా అసలు బాధ చెబుతాను. మనవాళ్లలో మానేయడం ఎలా ఉంటుంది? ఒట్టు. పిల్లాడి తలమీద చెయ్యేసి ఒట్టు, తిరుపతి వెళ్లి గుండు కొట్టించుకుని ఒట్టు. లేదా కార్తీకంలో మాల. నేను తొమ్మిదిసార్లు అయ్యప్ప మాల వేశాను. ఆర్కే పురం గుళ్లో ఇరుముడి కట్టించుకుని వెళ్లేవాణ్ణి. నలభైఒక్క రోజులు చుక్క ముట్టేవాణ్ణి కాదు, కటిక నేల మీద పడుకునేవాణ్ణి. ఊరంతా స్వామీ స్వామీ అనేవారు. నలభైఒక్క రోజులు ఉండగలిగినవాడు తాగుబోతు ఎలా అవుతాడని మా ఇంట్లో అందరికీ ధైర్యం, నాకు మరీను. మాల తీసిన రాత్రి రైల్లోనే మొదలు.

అయ్యప్పని నేనేమీ అనడం లేదు. ఆ మాట చూడు, ‘మానేశాడు’. అయిపోయింది, ముద్ర పడింది. ఊరి నుంచి ఎవరు ఫోన్ చేసినా మానేశావా అనే అడుగుతారు. అవునంటే అబద్ధం, కాదంటే అప్రతిష్ఠ. మీటింగుల్లో నేర్చుకున్నది ‘ఆజ్ నహీఁ పీ’. ఇవాళ తాగలేదు, అంతవరకే. ఈ వాడుక తెలుగులో లేదు. ఎక్కడో పాతికమంది కూర్చుని వారం వారం అంటే గానీ రాదు. మాట లేని చోట మనిషి ఎలా నిలబడతాడు?

అమ్మాయి: మాట లేదంటే దానికి కారణం ఉంది. మన భాషలో సారా గురించిన పెద్ద జ్ఞాపకం ఏది? 1992, నెల్లూరు జిల్లా దూబగుంట. అక్షరాలు నేర్చుకోడానికి కూర్చున్న ఆడవాళ్లు లేచి దుకాణం మూయించారు. మర్నాడు ఇంకో ఊరు, ఆ పైన జిల్లా, ఆ పైన రాష్ట్రం. మరుసటేడు అక్టోబరు ఒకటిన సారా పోయింది, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం. 97లో అదీ ఎత్తేశారనుకోండి. మా అమ్మమ్మ ఆ ఊరేగింపుల్లో నడిచింది. నాకు ఆవిడంటే దేవతే. కానీ ఆ కథలో తాగేవాడు ఎవరు? కొట్టేవాడు, తాళి తాకట్టు పెట్టేవాడు. చీపురు పట్టుకుని ఎదురు నిలిచింది ఆడది. ఆ కథలో నేను ఏ వైపు నిలబడాలి? మా అమ్మమ్మ చేతిలో చీపురు చూసిన కళ్లతో తెలుగు మీటింగులో లేచి నేను తాగేదాన్నని ఎలా అనను?

బాబాయి: నా దగ్గర జవాబు లేదు.

అమ్మాయి: ఉందని అడగలేదు.

బాబాయి: ఒకటి మాత్రం అనిపిస్తోంది. నువ్వు ఇప్పుడన్నావు కదా ఈ మాట, ఇది ఇంగ్లీషులో ఎన్నిసార్లు చెప్పుంటావు?

అమ్మాయి: ...ఒక్కసారీ చెప్పలేదు. అమ్మమ్మని ఇంగ్లీషులో ఎలా చెప్పాలి? గ్రాండ్‌మదర్ అంటే ఆవిడ రాదు అక్కడికి. అయినా అది నా వాదానికి అడ్డం కాదు. మీతో ఒక్కరితో చెప్పడం వేరు. ఏఏ వాళ్లే స్పాన్సర్ అని పెట్టింది అందుకే. పాతికమందికి చెప్పలేనిది ఒకరికి చెప్పుకోడానికి. తెలుగు కావాలంటే ఆన్‌లైన్‌లో హైదరాబాద్ వాళ్ల మీటింగులున్నాయి, కెమెరా ఆపుకోవచ్చు, పేరు మార్చుకోవచ్చు. మెట్రోలో గంట ప్రయాణం తప్పుతుంది. మెట్రోలో రెండేసి సీలు మందు సీసాలు తీసుకెళ్లొచ్చని 2023లో ఒప్పుకున్నప్పటి నుంచి, మీటింగుకి పోయే దారిలోనే పక్కవాడి సంచిలో గాజు చప్పుడు వినాలి.

బాబాయి: ఆన్‌లైన్ సంగతి నన్నడుగు. లాక్‌డౌన్‌లో అందరం అందులోనే కదా బతికింది. కెమెరా ఆపుకుని చేతిలో గ్లాసు పట్టుకుని మీటింగు విన్నవాళ్లు నాకు ముగ్గురు తెలుసు. ఇద్దరు వాళ్లంతట వాళ్లే తర్వాత చెప్పారు. గదిలో ఐతే నోటి వాసన పక్క కుర్చీకి తెలుస్తుంది. ఎవరూ ఏమీ అనరు. టీ ఇంకో గ్లాసు ఇస్తారు. ఆ రెండో గ్లాసు టీ స్క్రీను ఇవ్వలేదు.

అమ్మాయి: సరే, లెక్కలు చెబుతాను. 2020లో కాక్రేన్ అనే వైద్య పరిశోధనల సంస్థ వాళ్లు 27 అధ్యయనాలు, పదివేలమంది పైచిలుకు మనుషుల వివరాలు కలిపి చూశారు. పద్ధతి ప్రకారం ఏఏ దారి పట్టించినవాళ్లలో ఏడాది తర్వాత నూటికి 42 మంది పూర్తిగా తాగకుండా ఉన్నారు, వేరే చికిత్సల్లో 35. అంతకుముందు ఏఏ అంటే భజన అని కొట్టిపారేసిన డాక్టర్లు కూడా ఆగి చూశారు. ఐతే ఎందుకు పనిచేస్తోంది? ఆ పరిశోధనలు చేసినవాళ్లు చెప్పేదాంట్లో ముఖ్యమైనది స్నేహితులు మారడం. తాగే వలయం పోయి తాగని వలయం వస్తుంది. కొత్త మనుషులు, బాబాయిగారూ. మీరు మళ్లీ పాత మనుషుల్నే పిలుస్తున్నారు.

బాబాయి: నువ్వు అక్కడికి వస్తావనే చూస్తున్నాను. నా పాత మనుషులెవరో తెలుసా? శనివారం రాత్రి జనక్‌పురిలో ఒకరింట్లో చేరేవాళ్లం. ఏడెనిమిది మందిమి, అందరం తెలుగే. పేకాట, మటన్ వేపుడు, ఘంటసాల పద్యాలు. ఒకాయన పద్యం ఎత్తుకుంటే కళ్లమ్మట నీళ్లొచ్చేవి. వారమంతా ఆఫీసులో హిందీ మాట్లాడీ మాట్లాడీ, ఆ ఒక్క రాత్రి కోసం బతికేవాణ్ణి. నాకు ఈ ఊళ్లో తెలుగు గ్లాసు చుట్టూనే ఉండేది. మానేసిన రోజు — చూడు, నేనూ మానేసిన అంటున్నాను — తాగడం ఆపినప్పుడు ఆ ఇల్లు కూడా ఆగిపోయింది. దాంతో పాటే తెలుగూ. పిల్లలు ఇంట్లో హిందీ. మా ఆవిడ పోయాక తెలుగులో గట్టిగా నవ్వి ఎన్నాళ్లయిందో గుర్తులేదు. తాగని తెలుగువాళ్లు అంటే నాకు కొత్త మనుషులేనమ్మా. వాళ్లని నేను ఇంకా కలవలేదు.

అమ్మాయి: ఇది ముందే చెప్పొచ్చుగా.

బాబాయి: వంటాయన పేరు పెట్టి చెబితే మర్యాదగా ఉంటుందనుకున్నాను.

అమ్మాయి: ఇప్పుడు మీ మీద నాకు కోపం పోయింది, భయం మాత్రం పోలేదు. మీకు తెలుగు దొరికే చోటే నేను దొరికిపోయే చోటు. దీనికి ఏం చేస్తారు?

బాబాయి: గుమ్మం దగ్గర కాగితం అంటిస్తాను. ఇక్కడ ఊరు అడగరాదు, ఇంటిపేరు అడగరాదు, ఏం చేస్తుంటారనీ అడగరాదు.

అమ్మాయి: ఆ కాగితం చదివిన మొదటివాడే అడుగుతాడు, ‘చాలా బాగా రాశారండీ, ఎవరు రాసింది? మనవాళ్లేనా?’ అని.

బాబాయి: అడుగుతాడు. అడిగినవాడి చేతికే టీ గ్లాసులిచ్చి కడగమంటాను. ఆరు నెలలు కడిగితే మానుకుంటాడు.

అమ్మాయి: ఆరు నెలల్లో ఎంతమంది అత్తగార్లకి ఫోన్లు పోతాయో లెక్కేశారా?

బాబాయి: వేశాను. గది తియ్యకపోతే ఎంతమంది చివరి కుర్చీలో ‘జీ’ అంటూ కూర్చుంటారో అదీ వేశాను. రెండు లెక్కలూ తేలడం లేదు. తేలేదాకా ఆగుదామంటే నాకు అరవైరెండు.

అమ్మాయి: కనీసం ఆడవాళ్లని ఆ గదికి పిలవకండి. వచ్చినా మొదటిరోజే కూర్చోబెట్టకండి. ఎవరైనా ఫోన్ చేస్తే నా నెంబరివ్వండి. పేరొద్దు. గుర్గావ్ నుంచి ఒకావిడ అనండి చాలు. నేను విడిగా కలుస్తాను, పార్కులోనో మెట్రో స్టేషన్లోనో.

బాబాయి: తెలుగులోనా?

అమ్మాయి: ఆవిడ ఇష్టం. ఇంకోటి. మొదటివారం ఎవరూ రాకపోతే నాకు ఫోన్ చెయ్యకండి, నా మాటే నెగ్గిందని సంతోషపడతాను, అది నాకు మంచిది కాదు. రెండోవారం కూడా రాకపోతే చెయ్యండి.

బాబాయి: మూడోవారం వంటాయనలాంటివాడు ఒక్కడొస్తే?

అమ్మాయి: టీ గ్లాసు నిండా పొయ్యకండి. సగం పొయ్యండి.